జొన్నరొట్టె నుంచి జన్యువు దాకా: ఎంజైముల తేడాలు, మనసు జబ్బులు

అరవై ఏళ్ల కిందట దక్కన్ మెట్ట పల్లెల నుంచి హైదరాబాదుకు ఒక రకం రోగులు వచ్చేవారు. మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పెచ్చులూడేది. నాలుక పూసేది, విరేచనాలు ఆగేవి కావు. వీటన్నిటికంటే ఇంటివాళ్లను ఎక్కువగా బెదరగొట్టింది మనిషి మారిపోవడం. నిద్ర పట్టదు, పలకరిస్తే పలకడు, ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటాడు, ముదిరితే మతి నిలవదు. ఆ రోగం పేరు పెల్లాగ్రా. నియాసిన్ అనే బి విటమిను లోపం వల్ల వస్తుంది. నియాసిన్ ఇస్తే చర్మం మానడానికి వారాలు పట్టినా, మనసు మాత్రం కొద్ది రోజుల్లోనే తేరుకునేది.

చికిత్స తెలిసినా చిక్కు విడలేదు. ఆ రోగులు జొన్న తినే కూలీలు. జొన్నలో నియాసిన్ గానీ, శరీరం నియాసిన్‌ను తయారుచేసుకోవడానికి వాడుకునే ట్రిప్టోఫాన్ గానీ బియ్యంలో కన్నా తక్కువేమీ కాదు. మరి బియ్యం తినే పేదవాడికి రాని జబ్బు జొన్న తినే పేదవాడికెందుకు వస్తోంది? 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో, అంటే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో, సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ ప్రశ్న పట్టుకున్నారు. 1960లో లాన్సెట్ పత్రికలో వాళ్లు చెప్పిన జవాబు ఇది: జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. అది మితిమీరితే ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే వరుసలో ఎంజైముల నడక తప్పుతుంది. తరవాత కొన్ని ప్రయోగశాలలు ఈ సిద్ధాంతంతో విభేదించాయి, ఆ వాదం ఇంకా పూర్తిగా తెగలేదు. అయినా ఆ ప్రశ్నను అలా మలుపు తిప్పడం నాకు గొప్పగా అనిపిస్తుంది. కంచంలో ఏం ఉందన్నది ఒక లెక్క, దాన్ని లోపలి ఎంజైములు ఏం చేశాయన్నది ఇంకో లెక్క అని మన నేల మీదే తేల్చి చెప్పారు.

దాదాపు అరవై ఏళ్ల తరవాత, 2019లో, చెన్నైలోని స్కార్ఫ్ అనే స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం కలిసి దక్షిణ భారత రోగుల జన్యువులు పరీక్షించి ఒక ఫలితం ప్రకటించాయి. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో ఎక్కువగా కనబడిన ఒక జన్యు తేడా ఎనిమిదో క్రోమోజోము చివర ఉంది. దాని పక్కనున్న జన్యువు పేరు ఎన్.ఎ.పి.ఆర్.టి.1. నియాసిన్‌ను కణాలకు పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమును తయారుచేసేది అదే.

మళ్లీ నియాసిన్, మళ్లీ మనసు. ఈ రెండు సంఘటనల నడుమ ప్రపంచమంతా సాగిన ఒక పెద్ద వెతుకులాట ఉంది. ఎంజైముల్లో పుట్టుకతో వచ్చే తేడాలు మనసు జబ్బులకు కారణమా, అయితే ఎంతవరకు? ఆ వెతుకులాటలో ఏది నిలిచిందో, ఏది కూలిందో చూడటమే ఈ వ్యాసం పని. నాకు తోచిన సంగతి ముందే చెప్పేస్తాను: మూలం మెదడులోని ఎంజైముల్లో దొరుకుతుందని ఆశపడ్డారు, గట్టిగా చేతికి చిక్కినవి మాత్రం ఎక్కువగా కాలేయంలో, రక్తంలో, తిండిలో దొరికాయి.

మిల్లు, కరెంటు, ధాన్యం

ఊళ్లో రైసు మిల్లును తలుచుకోండి. యంత్రం అరిగిపోతే బియ్యం రాదు. యంత్రం బాగానే ఉండి కరెంటు రోజుకు మూడు గంటలే ఇస్తే అప్పుడూ రాదు. రెండూ బాగుండి ధాన్యంలో మట్టిబెడ్డలు పడితే మిల్లు మొరాయిస్తుంది. ఎంజైము కూడా ఇంతే. జన్యువులో ఎంజైము రూపాన్ని రాసిన భాగంలో తేడా వస్తే యంత్రమే మారుతుంది. ఆ జన్యువును ఎప్పుడు, ఎక్కడ, ఎంత చదవాలో నిర్ణయించే స్విచ్చు భాగంలో తేడా వస్తే యంత్రం సరైనదే గానీ సంఖ్య తగ్గుతుంది, లేదా పెరుగుతుంది. ఇక తిండి, పొగ, మందు, ఒత్తిడి బయటి నుంచి వచ్చి స్విచ్చును వేస్తాయి, ఆర్పుతాయి, యంత్రాన్నే కాసేపు బిగించేస్తాయి. శాస్త్రజ్ఞులు నియంత్రణ అనేది ఈ మొత్తాన్ని. జన్యువు చెప్పేది అందులో ఒక వంతే. ఈ మాట మరిచిన చోటల్లా ఈ రంగం దెబ్బతింది.

యంత్రం పూర్తిగా లేకపోతే ఏమవుతుందన్న దాంట్లో సందేహం లేదు. 1934లో ఓస్లోలో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడి దగ్గరకు ఒక తల్లి ఇద్దరు పిల్లలను తీసుకెళ్లింది. ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు, ఇద్దరి దగ్గరా ఒక వింత వాసన. ఆయన వాళ్ల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే అది ఆకుపచ్చగా మారింది. ఫినైల్‌అలనిన్‌ను మార్చే ఒక ఎంజైము పనిచేయక అది శరీరంలో పోగుపడి మెదడును పాడుచేసిందని అలా బయటపడింది. ఫినైల్‌కీటోన్యూరియా అన్న ఈ జబ్బుకు 1950ల మొదట్లో హార్స్ట్ బికెల్ బృందం ఇంగ్లండులో ఆహార చికిత్స కనిపెట్టింది. పుట్టగానే గుర్తించి ఆ అమైనో ఆమ్లం తక్కువున్న తిండి పెడితే బిడ్డ బుద్ధి మామూలుగా ఎదుగుతుంది. నూటికి నూరుపాళ్లు జన్యువు వల్ల వచ్చిన జబ్బును నూటికి నూరుపాళ్లు తిండితో అడ్డుకోవచ్చన్నమాట. జన్యువు అనగానే తలరాత అనుకునే మనకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నెదర్లాండ్స్ కుటుంబం, న్యూజిలాండ్ పిల్లలు

మనసు జబ్బుల చర్చలో అందరి నోటా నానిన ఎంజైము మోనోఅమైన్ ఆక్సిడేజ్-ఎ. నాడీకణాల్లో సెరొటోనిన్, నారడ్రినలిన్, డోపమైన్ వంటి రసాయనాలు పని ముగించుకున్నాక వాటిని విరిచేసేది ఇదే. ఈ జాతి ఎంజైమును 1928లో కేంబ్రిడ్జిలో మేరీ హేర్ కనిపెట్టారు. 1950లలో క్షయరోగులకు ఇప్రోనియాజిడ్ ఇస్తే వాళ్లు ఉన్నట్టుండి హుషారెక్కడం చూసి, ఆ మందు ఈ ఎంజైమును అడ్డుకుంటోందని గుర్తించి, కుంగుబాటుకు మొదటి మందుల్లో ఒకటిగా వాడారు. ఎంజైమును ఆపితే దిగులు తగ్గుతున్నప్పుడు, పుట్టుకతోనే ఎంజైము ఎక్కువో తక్కువో ఉన్నవాళ్లకు దిగులో కోపమో రావాలి కదా అన్న ఆలోచన రావడం సహజమే.

నైమెహెన్ విశ్వవిద్యాలయంలో హాన్ బ్రనర్ బృందం 1993లో ఒక డచ్చి కుటుంబం కథ ప్రచురించింది. ఆ ఇంటి మగవాళ్లలో కొందరికి బుద్ధి కొంచెం మందం, చిన్న కారణానికే పట్టలేని కోపం. నిప్పు పెట్టడాలు, దాడులు. ఆడవాళ్లకు ఏమీ లేదు. ఆ వంశంలోనే ఒక పెద్దాయన 1962 నాటికే ఎవరెవరికి ఇలా ఉందో వరుసగా రాసి పెట్టాడు. శాస్త్రజ్ఞుల కంటే ముందే జబ్బు బాట పట్టుకున్నాడాయన! కారణం ఎక్స్ క్రోమోజోము మీది జన్యువులో ఒకే ఒక్క అక్షరం. అక్కడ వాక్యం మధ్యలోనే ఆగిపోవడంతో ఎంజైము అసలు తయారవలేదు. మగవాళ్లకు ఎక్స్ ఒకటే కనుక వాళ్లకు దిక్కు లేదు. ఆడవాళ్లను రెండో ఎక్స్ కాపాడింది. రెండేళ్లకు అదే జన్యువు లేని ఎలుకలను తయారుచేస్తే పిల్ల ఎలుకల మెదడులో సెరొటోనిన్ తొమ్మిది రెట్ల దాకా పెరిగింది. పెద్దయ్యాక మగ ఎలుకలు కొట్లాటలకు దిగాయి. ఇది గట్టి సాక్ష్యం. కానీ ఇలా ఎంజైము పూర్తిగా లేని కుటుంబాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

అసలు గొడవ స్విచ్చుతో మొదలైంది. ఈ జన్యువుకు ముందుండే స్విచ్చు భాగంలో 30 అక్షరాల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. కొందరికి మూడుసార్లు, కొందరికి మూడున్నర, నాలుగు, ఐదు. మూడున్నర, నాలుగు ఉన్న స్విచ్చు మూడు ఉన్నదాని కంటే రెండు నుంచి పది రెట్లు చురుకుగా పనిచేస్తుందని 1998లో గాజుగిన్నెల్లోని కణాల్లో తేలింది. ఈ తేడా అరుదు కాదు, కోట్ల మందిలో ఉంటుంది. 2002లో అవ్‌షలోమ్ కాస్పి, టెర్రీ మోఫిట్ న్యూజిలాండులోని డునెడిన్‌లో 1972-73లో పుట్టినప్పటి నుంచి పరిశీలనలో ఉన్న మగపిల్లల లెక్కలు తీశారు. చురుకు తక్కువ స్విచ్చు ఒక్కటే ఉంటే పెద్ద తేడా లేదు. ఆ స్విచ్చుతో పాటు చిన్నతనంలో చావుదెబ్బలు తిన్నవాళ్లు మాత్రం వేరుగా కనబడ్డారు. ఈ రెండూ ఉన్నవాళ్లు ఆ మగవాళ్లలో 12 శాతమే గానీ, హింస నేరాల శిక్షల్లో 44 శాతం వాళ్లవే.

కాస్పి మాటలో అసలు బరువు దెబ్బల మీద ఉంది. లోకానికి చేరింది మాత్రం జన్యువు. పత్రికలు దానికి యుద్ధవీరుల జన్యువని పేరు పెట్టాయి. 2006లో న్యూజిలాండు మావోరీల్లో ఈ రకం ఎక్కువని ఒక పరిశోధకుడు చెబితే, ఆ జాతి పేదరికానికీ నేరాలకూ జన్యువే కారణమన్నట్టు వార్తలు వచ్చాయి. అదే రకం చైనా మగవాళ్లలో ఇంకా ఎక్కువని, అక్కడ ఎవరూ యుద్ధవీరుల మాట ఎత్తలేదని విమర్శకులు గుర్తుచేయాల్సి వచ్చింది. 2009లో అమెరికాలోని టెన్నెసీలో ఒక హత్యకేసులో ఈ జన్యువును సాక్ష్యంగా పెట్టారు. జ్యూరీ హత్యానేరం కంటే తక్కువ నేరం ఖాయం చేసింది. అదే ఏడు ఇటలీలో ఒక నేరస్థుడి శిక్షను ఒక ఏడాది తగ్గించారు. చిన్నప్పుడు కొట్టకండి అని చెప్పాల్సిన పరిశోధన నన్ను నా జన్యువు కొట్టించింది అని చెప్పడానికి పనికొచ్చింది. ఈ మాట నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

న్యాయం చేయాలంటే ఇంకో మాట చెప్పాలి. కాస్పి ఫలితం పూర్తిగా కూలిపోలేదు. 2014లో 27 అధ్యయనాలను కలిపి చూస్తే మగవాళ్లలో ఆ లంకె కొంత నిలిచింది. కానీ దాని కింది నేల బలహీనం. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జోనా ఫౌలర్ బృందం పెట్ స్కానుతో బతికున్న మనుషుల మెదడులో ఈ ఎంజైమును నేరుగా కొలిచింది. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లలో స్విచ్చు ఏ రకమైనా మెదడులో ఎంజైము ఒకేలా ఉందని 2007లో తేలింది. గాజుగిన్నెలో పది రెట్ల దాకా తేడా, మెదడులో లేదు. మరి మెదడులో ఎంజైమును మార్చేదేది? అదే ఫౌలర్ 1996లోనే చూపించింది: పొగతాగేవాళ్ల మెదడులో ఈ ఎంజైము 28 శాతం, దీని తోబుట్టువు మోనోఅమైన్ ఆక్సిడేజ్-బి 40 శాతం తక్కువ. 2006లో టొరంటోలో జెఫ్రీ మేయర్ బృందం, మందులు వాడని కుంగుబాటు రోగుల మెదడులో ఎంజైము-ఎ సగటున 34 శాతం ఎక్కువగా కనుక్కుంది. ఎంజైము మారుతోంది, నిజమే. మార్చే చేతుల్లో జన్యువుది చిన్నది.

పొగ ఈ రంగాన్ని ఇంతకుముందు కూడా ఒకసారి మోసగించింది. 1972లో మర్ఫీ, వయట్ అనేవాళ్లు స్కిజోఫ్రీనియా రోగుల రక్తఫలకికల్లో మోనోఅమైన్ ఆక్సిడేజ్ తక్కువని నేచర్ పత్రికలో రాశారు. తేలిగ్గా తీసే రక్తపరీక్షతో జబ్బు పట్టుకోవచ్చని ఏళ్ల తరబడి ఆశ. తరవాత తెలిసిందేమంటే, స్కిజోఫ్రీనియా రోగుల్లో పొగతాగేవాళ్లు చాలా ఎక్కువ, పొగ ఆ ఎంజైమును అణచేస్తుంది, వాడే మందులూ దాన్ని తగ్గిస్తాయి. జబ్బు గుర్తనుకున్నది సిగరెట్టు గుర్తు.

ఆశలు పెట్టుకున్న జన్యువులు

డోపమైన్‌ను విరిచే ఇంకో ఎంజైము కాటికాల్-ఓ-మిథైల్‌ట్రాన్స్‌ఫరేజ్, వాడుకలో కామ్ట్. కనిపెట్టింది జూలియస్ ఆక్సెల్‌రాడ్, 1970లో నోబెల్ అందుకున్నాయన. ఈ ఎంజైములో 158వ చోట వాలిన్ ఉంటే చురుకు, మెథియోనిన్ ఉంటే మందం. 2001లో డేనియల్ వైన్‌బర్గర్ బృందం, మందం రకం ఉన్నవాళ్లు నుదుటి వెనకాలి మెదడుతో చేసే పనుల్లో కాస్త మెరుగని, చురుకు రకం స్కిజోఫ్రీనియాకు కొంచెం దారితీస్తుందని చెప్పింది. పైగా ఈ జన్యువు ఉన్నది 22వ క్రోమోజోములో సరిగ్గా ఆ చోట. దాదాపు నాలుగు వేల పుట్టుకలకొకటిగా అక్కడి ముక్క ఊడిపోతుంది, అలా ఊడినవాళ్లలో సుమారు నాలుగోవంతు మందికి పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా వస్తుంది. ఇంతకంటే అందమైన కథ ఏముంటుంది? కానీ ఆ ఊడిన ముక్కలో కామ్ట్‌తో పాటు నలభైకి పైగా జన్యువులు ఉన్నాయి. లక్షల మంది జన్యువులు కలిపి చూసినప్పుడు కామ్ట్ తేడా స్కిజోఫ్రీనియా పట్టికలో కనబడలేదు.

2003లో మెదడులో సెరొటోనిన్‌ను తయారుచేసే ప్రత్యేక ఎంజైము టి.పి.హెచ్.2 బయటపడింది. రెండేళ్లకే, దాని పనిని 80 శాతం దెబ్బతీసే తేడా కుంగుబాటు రోగుల్లో దొరికిందన్నారు. తరవాత వెతికినవాళ్లకు ఆ తేడా దొరకలేదు.

ఫోలిక్ ఆమ్లాన్ని నడిపించే ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. ఎంజైముదీ అదే దారి. ఇక్కడ మనవాడి పేరు గుర్తుచేసుకోకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ మందుల కంపెనీ బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ విటమిను ఎందరో గర్భిణుల బిడ్డలను కాపాడింది. దాన్ని నడిపే ఎంజైములో చాలామందికి ఉండే ఒక సాధారణ తేడాను 1995లో గుర్తించినప్పటి నుంచి కుంగుబాటు, స్కిజోఫ్రీనియా, ఆటిజం అన్నిటినీ దానికి అంటగట్టే ప్రయత్నాలు జరిగాయి. ఇప్పటికీ కొన్ని లాబులు ఆ పరీక్ష అమ్ముతున్నాయి. డబ్బు కట్టే ముందు దాని బలం ఎంత తక్కువో తెలుసుకోవాలి.

ఈ దశ ముగిసిందని 2019లో ఒక రకంగా చాటింపు పడింది. రిచర్డ్ బార్డర్ బృందం కుంగుబాటుకు కారణాలని ఏళ్లుగా పేరుమోసిన 18 జన్యువులను తీసుకుని, 4,43,264 మంది దాకా లెక్కలతో పరీక్షించింది. ఆ జాబితాలో మోనోఅమైన్ ఆక్సిడేజ్, కామ్ట్, టి.పి.హెచ్.2, ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అన్నీ ఉన్నాయి. గుడ్డిగా లాటరీ తీసి ఎంచుకున్న జన్యువుల కంటే ఇవి ఏమాత్రం మెరుగు కాదని తేలింది. వందల వ్యాసాలు, ఎన్నో జీవితకాలాల పని. తప్పెక్కడంటే, వంద మందితో చేసిన అధ్యయనంలో చిన్న తేడాలు యాదృచ్ఛికంగా పెద్దగా కనబడతాయి, కనబడినవే అచ్చయ్యాయి.

ఇంతకీ స్కిజోఫ్రీనియా వంశంలో నడవదా? నడుస్తుంది. కవలల అధ్యయనాల ప్రకారం మనుషుల మధ్య ఆ జబ్బు విషయంలో తేడాల్లో 80 శాతం దాకా జన్యువులవే. కానీ ఆ 80 ఎందరో పంచుకుంటారు. 2022 నాటి అంతర్జాతీయ లెక్కలో 76,755 మంది రోగులను చూస్తే జన్యుపటంలో 287 చోట్ల తేడాలు కనబడ్డాయి, ఒక్కొక్కటీ పిసరంత. వీటిలో ఎక్కువభాగం ఎంజైము రూపాన్ని మార్చేవి కావు, స్విచ్చుల్లో ఉన్నవి. పెద్ద ప్రభావం చూపే అరుదైన తేడాలూ కొన్ని ఉన్నాయి. వాటిలో ముందున్నది ఎస్.ఇ.టి.డి.1.ఎ., అదీ ఒక ఎంజైమే. విచిత్రమేమంటే అది డోపమైన్‌ను ముట్టుకోదు. డి.ఎన్.ఎ. చుట్టుకున్న ప్రొటీన్ల మీద గుర్తులు పెట్టి వేరే జన్యువుల స్విచ్చులను నడుపుతుంది.

పెళ్లి సంబంధాల దగ్గర ఈ అంకెలు తెలియకపోవడం వల్ల జరిగే అన్యాయం ఇంతా అంతా కాదు. అన్నకు స్కిజోఫ్రీనియా ఉంటే చెల్లికి వచ్చే అవకాశం నూటికి పది లోపే. అంటే తొంభై మందికి పైగా రాదు. వాళ్ల వంశంలో ఉంది అన్న ఒక్క మాటతో ఆ పిల్ల సంబంధం వెనక్కి పోతుంది. ఏ ఎంజైము పరీక్షా ఆ పిల్ల భవిష్యత్తు చెప్పలేదు.

కాలేయం చెప్పిన నిజాలు

ఇప్పుడు నిలిచినవాటి దగ్గరకు వద్దాం. మద్యం లోపలికి వెళ్లాక ముందు అసిటాల్డిహైడ్ అనే విషంగా, తరవాత అపాయం లేని అసిటేటుగా మారుతుంది. ఈ రెండో మెట్టు ఎక్కించే ఎంజైము ఎ.ఎల్.డి.హెచ్.2. జపాను, చైనా, కొరియాల్లో కోట్ల మందిలో దీని ఒక అక్షరం తేడా. తాగగానే ముఖం కందగడ్డలా ఎర్రబడి, గుండె దడదడలాడి, కడుపు తిప్పుతుంది. రెండు నకళ్లూ ఇలాంటివే వచ్చినవాళ్లు తాగుబోతులు కావడం దాదాపు లేదు. మనసు జబ్బుల జన్యుశాస్త్రంలో ఇంత గట్టి ఫలితం ఇంకోటి దొరకదు. 1940లలో కోపెన్‌హేగన్‌లో హాల్డ్, యాకబ్సన్ నులిపురుగుల మందుగా డైసల్ఫిరామ్‌ను తమ మీదే పరీక్షించుకుని, తరవాత మద్యం ముట్టి అస్వస్థులయ్యారు. ఆ మందు ఇదే ఎంజైమును ఆపేస్తుంది. మన డీ-అడిక్షన్ కేంద్రాల్లో ఇప్పటికీ ఇస్తున్నారు. జపానువాళ్లకు జన్యువు చేసిపెట్టిన పనినే ఈ గోళీ చేస్తుంది.

అయితే ఈ గట్టి ఫలితాన్నీ సంఘం వంచింది. జపానులో మద్యానికి బానిసలైనవాళ్లలో ఒక నకలు తేడా ఉన్నవాళ్లు 1979లో 2.5 శాతం. 1986కి 8 శాతం, 1992కి 13 శాతం. ఆ పదమూడేళ్లలో జపాను జన్యువులు మారలేదు. ఆఫీసు ముగిశాక అందరూ కలిసి తాగాల్సిందే అన్న వాడుక పెరిగింది. ఎర్రబడే ముఖంతోనే తాగడం అలవాటు చేసుకున్నారు. హిగుచి బృందం 1994లో ప్రచురించిన ఈ మూడు అంకెలు జన్యువుకూ సంఘానికీ ఉన్న లంకె గురించి నేను చదివినవాటిలో అన్నిటికంటే బలమైనవి.

మందుల సంగతికొస్తే, 1970ల మధ్య లండనులో రాబర్ట్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు డెబ్రిసోక్విన్ అనే బీపీ మందు తన బృందంతో పాటు మింగాడు. మిగిలినవాళ్లకు ఏమీ కాలేదు, ఆయన బీపీ పడిపోయి కూలబడ్డాడు. ఆయన కాలేయంలో ఆ మందును విరిచే ఎంజైము, ఇప్పుడు సి.వై.పి.2డి6 అంటున్నది, పనిచేయడం లేదు. మనసు జబ్బులకు వాడే మందుల్లో చాలావాటిని ఈ ఎంజైమో, దీని బంధువు సి.వై.పి.2సి19 ఓ విరుస్తాయి. యూరపువాళ్లలో మొదటిది లేనివాళ్లు ఎక్కువ, ఆసియావాళ్లలో రెండోది లేనివాళ్లు ఎక్కువ. పుదుచ్చేరి జిప్మర్‌లో సి. ఆదిత్తన్ బృందం ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక, కేరళ వాసుల్లో వీటిని వరుసగా లెక్కకట్టింది. మన ప్రజల మందుల లెక్క మన దగ్గరే తీసిన పని అది. రెండో ఎంజైము లేనివాళ్లకు సిటలోప్రామ్ రోజుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా మందుల సంస్థ మందు పత్రంలోనే రాయించింది. దుష్ఫలితాలు ఎక్కువై మందు మానేసే రోగుల్లో కొందరి బాధకు జవాబు ఇక్కడుంది. దీన్ని కూడా పెంచి చెప్పకూడదు. అమెరికా మాజీ సైనికులు 1,944 మందితో 2022లో వెలువడిన పరీక్షలో, జన్యువులు చూసి మందు రాస్తే ప్రమాదకరమైన జతలు తగ్గాయి గానీ, ఆరు నెలల చివర కోలుకున్నవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నియంత్రణ అంటే ఏమిటో రోజూ కళ్ల ముందు చూపించేది క్లోజపిన్. మిగతా మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇదే ఆఖరి ఆసరా. దీన్ని విరిచే ఎంజైము సి.వై.పి.1ఎ2. సిగరెట్టు, బీడీ, చుట్ట ఏదైనా పొగలోని మసి రసాయనాలు ఈ ఎంజైము స్విచ్చును వేస్తాయి. అందుకే పొగతాగే రోగికి ఎక్కువ మోతాదు పడుతుంది. అతను ఆసుపత్రిలో చేరి, అక్కడ బీడీ దొరక్క మానేస్తాడు. కొద్ది రోజుల్లో ఎంజైము తగ్గుతుంది, అదే మోతాదు ఒకటిన్నర రెట్ల మందులా పనిచేస్తుంది. మత్తు, చొంగ కారడం, ముదిరితే ఫిట్స్. నికోటిన్ బిళ్లలు ఇస్తే ఇది ఆగదు, ఎందుకంటే స్విచ్చు వేసేది నికోటిన్ కాదు, పొగ. ఇంటికొచ్చి మళ్లీ కాలిస్తే మందు చాలక జబ్బు తిరగబెడుతుంది. క్లోజపిన్ వాడే మనిషి ఇంట్లో ఉంటే, పొగ మానినా మళ్లీ మొదలెట్టినా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ఏ జన్యు పరీక్షా ఈ ఒక్క సమాచారమంత మేలు చేయదు.

తెలుగువాళ్లకు నేరుగా తగిలే ఎంజైము ఇంకోటుంది. మనసు జబ్బులకు కరెంటు చికిత్స చేసేటప్పుడు ఒళ్లు బిగుసుకోకుండా మత్తు డాక్టరు సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షను ఇస్తాడు. కండరాలు కొద్ది నిమిషాలు వదులవుతాయి, తరవాత రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును విరిచేస్తుంది, ఊపిరి తిరిగొస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతో లేనివాళ్లకు అది గంటల తరబడి తిరిగిరాదు, యంత్రంతో ఊపిరి పోయాలి. ఆర్యవైశ్య సమాజంలో ఈ లోపం ఇతరుల కంటే వందరెట్లు ఎక్కువ. తరతరాలు లోపల్లోపలే సంబంధాలు చేసుకోవడంతో ఒక పూర్వీకుడి అక్షరం తేడా ఇన్ని ఇళ్లకు చేరింది. హైదరాబాదు సీసీఎంబీలోని కె. తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందాలు 2017లో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఇలాంటి మూలపురుషుల ముద్ర ఫిన్లాండు వాసుల్లో, అష్కెనాజీ యూదుల్లో కన్నా బలంగా కనబడింది. ఆ లోపంతో మనిషికి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, మనసుకూ ఏమీ కాదు. ఈ ఒక్క ఇంజెక్షను దగ్గరే ప్రమాదం. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తూ, కండరాల సడలింపు మందూ లేకుండా కరెంటు చికిత్స చేయడాన్ని నిషేధించింది. అది మంచి చట్టం. అందుకే ఆ చికిత్సకు ముందు, మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషను తరవాత ఊపిరి అందక ఇబ్బంది పడ్డారా అని డాక్టరు అడగాలి, అడగకపోతే మనమే చెప్పాలి.

మళ్లీ నియాసిన్ దగ్గరకు

చెన్నై ఫలితాన్ని ఇప్పుడు ఏ తూకంతో చూడాలి? ఎంచుకున్న ఒక్క జన్యువు వెంటపడిన పాత అధ్యయనాల్లాంటిది కాదది. జన్యుపటమంతా గాలించి దొరికిన చోటు. దాదాపు మూడు వేల మందితో చేశారు. ఇప్పటి లెక్కలకది చిన్నదే. కానీ పరిశోధకులు అంకెల దగ్గర ఆగలేదు. ఆ తేడాకూ నియాసిన్ ఎంజైము ఎంత తయారవుతుందన్న దానికీ లంకె చూశారు. జీబ్రాచేపల్లో అదే జన్యువును తగ్గిస్తే మెదడు ఎదుగుదల దెబ్బతినడం చూశారు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో చాలామందికి చర్మం మీద నియాసిన్ రాస్తే మామూలుగా వచ్చే ఎర్రదనం తక్కువగా వస్తుందన్నది అంతకుముందే తెలిసిన విషయం. ఇవన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. వేరే దేశాల్లో, పెద్ద సంఖ్యల్లో నిలిచేదాకా దీన్ని బలమైన అనుమానం అనడమే సబబు.

ఇది చదివి ఎవరైనా నియాసిన్ మాత్రలు కొనుక్కోబోతే ఆగమంటాను. 1950లలోనే కెనడాలో అబ్రహం హోఫర్, హంఫ్రీ ఆస్మండ్ స్కిజోఫ్రీనియాకు గ్రాములకొద్దీ నియాసిన్ ఇచ్చారు. తరవాత జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో అది నిలవలేదు. పెద్ద మోతాదు కాలేయాన్ని దెబ్బతీస్తుంది కూడా. పెల్లాగ్రాలో విటమిను లేక మనసు చెదిరింది, అందుకే విటమినుతో కుదిరింది. ఎంజైము స్విచ్చు మందంగా ఉండటం వేరే సంగతి. అది బహుశా గర్భంలోనే మెదడు అల్లికను ఎక్కడో కొంచెం మార్చి ఉంటుంది. ముప్పయ్యో ఏట మాత్ర మింగితే ఆ అల్లిక తిరిగి కుదరదు.

పెల్లాగ్రా ఇప్పుడు మన జిల్లాల్లో అరుదు. పేదవాళ్ల కంచంలో బియ్యం, గోధుమ చేరాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం మొదలుపెట్టిన రెండు రూపాయల కిలో బియ్యం జొన్న పల్లెల తిండినే మార్చింది. ఈ మధ్య షుగరు భయంతో అవే ఇళ్లు మళ్లీ జొన్నరొట్టె వైపు చూస్తున్నాయి. ఇప్పటి కంచంలో పప్పు, పాలు, గుడ్డు పక్కన ఉంటాయి కనుక ఆ పాత భయం అక్కర్లేదు. నాకు ఒక అధ్యయనం చూడాలని ఉంది. నారాయణపేట, మక్తల్ వైపు, కర్నూలు పడమటి మండలాల్లో తరాలుగా జొన్న తిన్న కుటుంబాలను, డెల్టాలో తరాలుగా అన్నం తిన్న కుటుంబాలను తీసుకుని, ఆ ఎనిమిదో క్రోమోజోము స్విచ్చును, రక్తంలో నియాసిన్ దారిని, తల్లుల గర్భకాలపు తిండిని, ఇంట్లో మనసు జబ్బులను కలిపి కొలవాలి. దానికి కావలసిన రెండు సంస్థలూ, గోపాలన్ పనిచేసిన పోషకాహార సంస్థ, జన్యువులు చదివే సీసీఎంబీ, హైదరాబాదులో తార్నాక, హబ్సిగూడల్లో ఇరుగుపొరుగున ఉన్నాయి.